జమ్మి పెట్టి పైసలు లెక్కపెట్టుకుంటున్న పిల్లాడికి దసరా ఎట్లా చెప్పాలి?

నక్కలగుట్ట అమ్మ:

అందరికీ నమస్తే. పండుగ ఇంకా దూరమే ఉంది, అయినా ఇప్పుడే అడుగుతున్నా. పెత్రమాస (బతుకమ్మ మొదలయ్యే అమావాస్య) వచ్చిందంటే ఇక కూర్చొని ఆలోచించే తీరిక ఉండదు, పూలు, పిండివంటలు, బట్టలు, బస్సులు అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

మాకు ఇద్దరు పిల్లలు. బాబుకు తొమ్మిదేళ్లు, పాపకు ఆరు. ఉండేది హన్మకొండలో, దసరాకు మాత్రం మా అత్తగారి ఊరికి పోతాం, పరకాల దగ్గర. పోయిన దసరా సాయంత్రం ఊరి బయట జమ్మి పూజ అయ్యాక మావాడు జేబుల నిండా ఆకు నింపుకొని ఇల్లిల్లూ తిరిగాడు. పెద్దవాళ్ల చేతిలో బంగారం, అదే జమ్మి ఆకు, పెట్టి కాళ్లు మొక్కితే ఎంతో కొంత చేతిలో పెడతారు కదా. రాత్రి చూస్తే మంచం మీద నోట్లు పరిచి, హోంవర్క్ నోటుబుక్కు చివరి పేజీలో లిస్టు రాసుకుంటున్నాడు. పెద్దతాత 500, మిల్లు తాత 200, కిరాణం మామ 20. కిరాణం మామ పేరు పక్కన "పిసినారి" అని కూడా రాశాడు, ఒక్క అక్షరదోషం లేకుండా. తెలుగు పరీక్షలో ఈ శ్రద్ధ ఎప్పుడూ చూడలేదు.

అది నవ్వుకొని వదిలేసేదాన్నే. కానీ మా వాడకట్టు మూల మీద ఒక అవ్వ ఉంటుంది, ఒక్కతే. మా అత్తమ్మ నాట్లకు పోయిన రోజుల్లో మా ఆయనను చూసుకున్నది ఆమేనట. జమ్మి పెట్టడానికి పిల్లలు వస్తారని గడపలో కూర్చొని ఉంది, మావాడు ఆ ఇల్లు దాటేసి పోయాడు. ఎందుకురా అంటే "ఆ అవ్వ ఏమియ్యది" అన్నాడు. మా అత్తమ్మ వాణ్ణి ఏమీ అనలేదు, నాతోనే "వానికి జెర చెప్పాలె బిడ్డా" అన్నది. మా ఆయనేమో "మేం గూడ గట్లనే తిరిగినం, పెద్దగైతే వాడే తెలుసుకుంటడు" అంటాడు.

బడిలో గ్రాటిట్యూడ్ డైరీ అని ఒకటి పెట్టారు, రోజూ పడుకునే ముందు ఎవరికి థాంక్స్ చెప్పాలో రాయాలి. మావాడు మొదటి రోజు "మా టీచర్‌కు థాంక్స్" అని రాశాడు, ఆ తర్వాత రోజూ అదే వాక్యం, పైన తేదీ మాత్రం మారుతుంది. టీచర్ రోజూ స్టార్ ఇస్తోంది.

అసలు దసరా ఎందుకు, పెద్దల్ని ఎందుకు మొక్కుతాం, బతుకమ్మను చెరువులో ఎందుకు వేస్తాం, ఇవన్నీ వీడికి ఎట్లా చెప్పాలి? క్లాసు పీకితే వినడు. బతుకమ్మ సంగతి ఎత్తితే "అది ఆడపిల్లల పండుగ, నాకెందుకు" అంటాడు. మీ ఇళ్లల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

*

కాజీపేట కాక:

మీ ఆయన చెప్పింది సగం నిజం చెల్లె. అందరం తిరిగినం, అందరం లెక్కపెట్టుకున్నం. మిగతా సగం ఏందంటే, మా చిన్నప్పుడు ఎవరి దగ్గరా పెద్ద నోట్లు లేకుండె. రూపాయో రెండు రూపాయలో, చాలా ఇళ్లల్లో అదీ లేదు, సకినమో గారెనో చేతిలో పెట్టి తల నిమిరేవాళ్లు. అందుకని ఏ ఇల్లూ దాటి పోయేది కాదు, ఏ ఇంట్లో ఏం దొరుకుతదో ముందు తెలవదు కాబట్టి. ఇప్పుడు పట్నం నుంచి కార్లలో వచ్చిన పెద్దనాయినలు, మేనమామలు పోటీ పడి 500 నోటు తీస్తున్నరు. తొమ్మిదేళ్ల పిల్లగాడు లెక్క చూసుకోక ఏం చేస్తడు.

పిల్లగాన్ని కాదు, ఇచ్చేటోళ్లను కూర్చోబెట్టి మాట్లాడండి. మా ఇంట్లో అన్నదమ్ములం అనుకొని పది రూపాయల కొత్త నోట్ల కట్ట తెస్తున్నం, ఎవరి పిల్లలకైనా ఒకటే నోటు. మొదటిసారి మా బావమరిది ముఖం మాడ్చుకున్నడు, ఆయనకు ఐదువందలు ఇచ్చుడే గొప్ప. పిల్లలు మాత్రం తొందరగనే అలవాటు పడ్డరు.

ఇంకొకటి. జమ్మి మొదట ఎవరికి పెట్టాలో ఇంట్ల నుంచి బయలుదేరకముందే చెప్పి పంపాలె. మేము ముందు దేవునికి, తర్వాత ఇంట్ల పెద్దోళ్లకు, ఆ వెంటనే వాడకట్టుల అందరికంటే ముసలోళ్లు ఎవరుంటే వాళ్లకు పెట్టిస్తం. వాళ్లయిన తర్వాతనే మిగతా తిరుగుడు. మీ మూలమీది అవ్వ ఆ లెక్కన రెండో మూడో ఇల్లు కావాలె. వాడు ఒక్కడే పోతే దాటిపోతడు, వాళ్ల బాపు చెయ్యి పట్టుకొని పోతే దాటిపోడు. అసలు ఆ అవ్వ ఎత్తుకొని పెంచింది మీ ఆయనను కదా, ఆయన పోయి కాళ్లు మొక్కిండా? అది అడగండి ముందు.

*

పూల సిబ్బి:

పై అన్న చివర అడిగిన ప్రశ్న బాగుంది, దానికి నేను కలపాల్సింది ఏమీ లేదు. బతుకమ్మ గురించి చెప్తాను. నేను ఊరి బడిలో టీచర్‌ను, ఏటా సెలవుల ముందు పిల్లలతో బతుకమ్మ పేరుస్తాం.

మగపిల్లలకు ఇందులో పని లేదని ఎవరు చెప్పారండీ? ఆడేది ఆడవాళ్లే కావచ్చు, పూలు తెచ్చేది ఎప్పుడూ మగవాళ్లూ మగపిల్లలే మా దిక్కు. తెల్లవారకముందే సంచి పట్టుకొని చెలకల్లోకి, గట్ల మీదికి పోయి గునుగు, తంగేడు తెంపుకొని వచ్చేవాళ్లు. మీవాణ్ణి పూలకు పంపండి, కొనకండి. గునుగు తెచ్చాక అసలు పని మొదలవుతుంది. ఆకు దూసెయ్యాలి, కాడలన్నీ ఒక్క పొడవుకు కొయ్యాలి, పదో పన్నెండో పూలు కలిపి దారంతో కట్ట కట్టాలి. కాడలు ఎక్కువ తక్కువ అయితే వరుస వంకర పోతుంది, బతుకమ్మ పేర్చే పళ్లెం, అదే సిబ్బి, తిప్పి చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. పోయినసారి నాలుగో తరగతి పిల్లాడొకడు కట్ట కట్టలేక మూడుసార్లు విప్పాడు, వేళ్ల సందుల్లో తంగేడు పుప్పొడి, మోకాళ్ల మీద కాడల ముక్కలు. చివరికి "మేడం, మా అమ్మ గిన్ని కట్టలు ఒక్కతే కడ్తదా" అని అడిగాడు. నేను అవును అన్నాను, అంతే. దాని మీద ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. మేడమ్‌లకు అది చాలా కష్టమైన పని.

చెరువులో ఎందుకు వేస్తామన్నదానికి నేను చెప్పేది ఇది. బతుకమ్మ వచ్చేనాటికి వానలు పడి చెరువులు నిండి ఉంటాయి, మంచి కాలమైతే నిండి పొర్లి మత్తడి కూడా దుంకుతుంది. వరి ఇంకా పొట్ట మీదనో ఈనిక మీదనో ఉంటుంది, చేతికి రాలేదు. అంటే ఇది పంట ఇంటికొచ్చాక చేసే పండుగ కాదు, నీళ్లొచ్చినందుకు చేసేది, ఆ నీళ్లతో మొలిచిన పూలే ఆ నీళ్లకు ఇస్తాం. పాఖాల, రామప్ప, లక్నవరం, ఈ పెద్ద చెరువులన్నీ కాకతీయుల నాటివి, ఎనిమిది వందల ఏళ్ల కింద కట్ట పోసినవాళ్ల పేర్లు మనకు తెలియవు, వాళ్ల నీళ్లతో ఇప్పటికీ పొలాలు పారుతున్నాయి. పిల్లలను ఒకసారి కట్ట మీద నడిపించి తూము చూపించండి. పాత రోజుల్లో తూము తీసి ఏ మడికి ఎంత నీళ్లు పోవాలో చూసే నీరటి ఉండేవాడు, పంట నూర్చాక కల్లం దగ్గరే ఆయనకు మేర, అంటే ఆయన వాటా గింజలు, కొలిచి ఇచ్చేవాళ్లు. చాకలి, మంగలి, కుమ్మరి, వడ్రంగి, అందరికీ మేర ఉండేది. ఊరు కృతజ్ఞత చూపించే పద్ధతి అదే అని మా పిల్లలకు చెప్తుంటాను.

ఒక చిన్న గోడు కూడా. గునుగుకు పూసే ఆ గులాబీ, ఆకుపచ్చ రంగులు తగ్గించండి దయచేసి. చెరువుకు మొక్కుతూ అందులోనే రసాయనం కలపడం ఏమిటని పిల్లలే అడుగుతున్నారు.

*

నర్సంపేట తమ్ముడు:

మేడం, పూల సంగతి, చెరువు సంగతి మంచిగ చెప్పారు. మేర దగ్గర మాత్రం నేను ఒప్పుకోను.

మా తాత ఆ మేర తీసుకున్న మనిషి. ఏ కులం ఏ పని అనేది వదిలేద్దాం. ఏడాది పొడుగునా ఊరందరి పని చేసి, కల్లం దగ్గర తట్ట పట్టుకొని నిలబడి, ఆసామి కొలిచినంత తీసుకొని రావాలి. తక్కువ పోసినా అడగడానికి లేదు. అది కృతజ్ఞత కాదు మేడం, కూలి. అది కూడా ఎప్పుడు ఇస్తే అప్పుడు, ఎంత ఇస్తే అంత. ఇచ్చినవాళ్ల మనవలకు అది ఊరి మంచితనంలాగ కనిపిస్తది, తీసుకున్నవాళ్ల మనవలకు అట్ల కనిపించదు. మీ క్లాసుల ఇద్దరూ కూర్చొని ఉంటరు కదా, అందుకే చెప్తున్నా.

ఇది అక్క అడిగినదానికి కూడా సంబంధం ఉన్నదే. పండుగపూట ఇంట్ల పనిచేసే అమ్మకు పాత చీర, మిగిలిన బగార అన్నం ఇచ్చి, పిల్లలను పక్కన నిలబెట్టి "చూడు, మనం ఎట్ల ఇస్తున్నమో" అని నేర్పేవాళ్లను చూసిన. దాంతోటి పిల్లలకు దానం చేసే ఫోజు వస్తది, ఇంకేం రాదు. సద్దుల బతుకమ్మనాడు, దసరానాడు ఆమెకు కూడా పండుగే, జీతం కోయకుండ సెలవు ఇవ్వండి, బోనస్ ఇస్తే ముందే ఇవ్వండి, ఆమె కూడా పిల్లలకు బట్టలు కొనుక్కోవాలి కదా. ఆ రోజు గిన్నెలు మీవాడు కడగాలి. అప్పుడు తెలుస్తది రోజూ ఎవరు కడుగుతున్నరో. బాకీ ముందు కట్టి, తర్వాత దండం పెట్టాలె. ఈ వరుస తప్పితే ఎన్ని డైరీలు రాసినా దండగ.

అపార్టుమెంట్ల వాచ్‌మన్‌కు, పొద్దున్నే చెత్త బండి మీద వచ్చేవాళ్లకు జమ్మి పెట్టి అలాయ్ బలాయ్ చేసుకోమనండి మీవాణ్ణి. జమ్మి ఇంట్ల పెద్దోళ్లకే పెట్టాలని ఎక్కడా లేదు.

*

పూల సిబ్బి:

తమ్ముడూ, మీరు చెప్పిన కోణం మా బడి పిల్లల ఇళ్లల్లో కూడా ఉంటుంది, ఈసారి తూము దగ్గర మేర మాట వస్తే మీ తాత సంగతి కూడా చెప్తాను, పేరు లేకుండా. నీరటి విషయంలో మాత్రం నా మాట మీదే ఉన్నాను. కొలిచిన గింజలు ఎన్నైనా కానీ, ఆయన రాత్రి లాంతరు పట్టుకొని కట్ట మీద తిరిగితేనే ఊరు నిద్రపోయేది. కూలి అయినా సరే, ఆ మనిషిని పిల్లలు తలచుకోవాలి.

*

ఎల్కతుర్తి బాపమ్మ (మనవరాలు టైపు చేస్తోంది):

మా బాపమ్మ చెప్తుంటే రాస్తున్నా, ఆమె మాటల్లోనే.

"బిడ్డా, దసరా దాక ఎందుకు ఆగుతున్నవు, పెత్రమాసనాడు మొదలుపెట్టు. ఆ పొద్దు పొద్దుగాల పెద్దలకు బియ్యమిస్తం, మాపటికి ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తం, రెండూ ఒక్కనాడే వస్తయి. సచ్చిపోయినోళ్లను తలుసుకున్నంకనే పూల పండుగ. అయ్యగారు వచ్చి మీ తాత పేరేంది, ముత్తాత పేరేంది, అవ్వల పేర్లేంది అని అడుగుతడు గదా, గప్పుడు నీ కొడుకుతోని చెప్పియ్యి. తెల్వకపోతే ముందురోజే వాళ్ల నాయినమ్మను అడిగి కాయితం మీద రాసుకోమను. ఒట్టి పేరు కాదు, ఏం పని చేసెటోడు, ఏం తినెటోడు, ఎవలతోని కొట్లాడెటోడు, గది గూడ అడగమను. మా మామ కోపిష్టి, గిన్నె ఇసిరేసెటోడు, గని ఈ ఇల్లు ఆయన మట్టి మోసి కట్టిందే. మా మనవలకు గదంత తెలుసు. బియ్యం, పప్పు, చింతపండు, కూరగాయలు చాటల పెట్టేది గూడ పోరగాండ్లే. ఆయనకు బీరకాయ ఇష్టమని మా చిన్నోడు ఏటా బీరకాయ ఏరి పెడ్తడు, వాడు ఆయనను సూడనే లేదు.

ఇంకో మాట. మూలమీది అవ్వ అన్నవు గదా. ఆమెకు జమ్మి ఒక్కటి పెడితే సరిపోదు. సద్దులనాడు సత్తుపిండి, మలీద ఇచ్చి రమ్మను, ఉత్త చేతుల పోవద్దు. ఆమె తిరిగి ఏమన్న ఇస్తే వద్దనద్దని చెప్పు, గాజర ముక్క ఇచ్చినా తీసుకొని ఆడనే తినమను."



*

కథల సంచి:

కథ లేకుండా తొమ్మిదేళ్ల పిల్లాడికి ఏదీ ఎక్కదు, అందుకే నా వంతు. బతుకమ్మకు ఒకటి కాదు, చాలా కథలున్నాయి. ధర్మాంగదుడు, సత్యవతి అనే రాజదంపతులకు కొడుకులంతా చనిపోయి, మొక్కగా మొక్కగా పుట్టిన ఆడపిల్లను బతుకమ్మా అని దీవించారని ఒకటి, వేములవాడ శివలింగాన్ని చోళులు తంజావూరుకు తీసుకుపోతే జనం పూలతో మేరువు పేర్చుకున్నారని ఇంకొకటి. ఏదో ఒకటి పట్టుకొని ఇదే చరిత్ర అని చెప్పొద్దు. అన్నీ చెప్పి, నీకేది నచ్చిందిరా అని అడిగితే వాడే మాట్లాడతాడు.

కానీ మీవాడి లిస్టుకు సరిగ్గా సరిపోయే కథ జమ్మిది. జమ్మి ఆకును బంగారం అని ఎందుకంటారో వాణ్ణి అడగండి, చాలామంది పెద్దవాళ్లకే తెలియదు. కౌత్సుడని ఒక శిష్యుడు చదువు అయ్యాక గురువును దక్షిణ ఏమివ్వమంటారని అడిగాడు. గురువు నీ సేవే చాలు అన్నాడు. ఇతను వదలడు, మళ్లీ మళ్లీ అడిగి విసిగించాడు. ఆయనకు కోపం వచ్చి, పద్నాలుగు విద్యలు నేర్చుకున్నావు కదా, పద్నాలుగు కోట్లు తే అన్నాడు. కౌత్సుడు రఘు మహారాజు దగ్గరికి పోయాడు. ఆ రాజు అప్పుడే యాగం చేసి ఉన్నదంతా పంచేశాడు, అతిథికి నీళ్లిచ్చింది కూడా మట్టిపాత్రలోనే. అయినా కాదనలేక కుబేరుడి మీదికే పోదామని సిద్ధమైతే, తెల్లవారేసరికి బంగారం వానలాగ కురిసింది. జమ్మి చెట్టు మీదే కురిసిందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఇక్కడ ఆపి పిల్లాణ్ణి అడగండి, కౌత్సుడు ఎంత తీసుకుని ఉంటాడు? మొత్తం అంటాడు, గ్యారంటీ. రాజు మొత్తం నీదే అన్నాడు, ఇతను పద్నాలుగు కోట్లు లెక్కపెట్టుకొని మిగతాది ముట్టుకోలేదు. అది గురువు బాకీ, అంతే. మీవాడికి లెక్కలంటే ఇష్టమని తెలుస్తూనే ఉంది కదా, ఈ లెక్క నచ్చుతుంది.

చిన్నదానికి పాండవుల కథ చాలు. అజ్ఞాతవాసం ఏడాది పొడుగునా ఆయుధాలు దాచింది జమ్మి చెట్టు మీదే. ఎవరూ దగ్గరికి రాకుండా ఒక శవాన్ని కూడా కట్టారని చెప్తే కళ్లు ఇంత చేసుకొని వింటారు (రాత్రిపూట మాత్రం చెప్పకండి, మా అనుభవం). గాండీవాన్ని భద్రంగా కాపాడిన చెట్టు కాబట్టి దాని దగ్గరికి పోయి మొక్కుతున్నాం. 2014లో తెలంగాణ రాష్ట్ర వృక్షంగా జమ్మిని, రాష్ట్ర పుష్పంగా తంగేడును, రాష్ట్ర పక్షిగా పాలపిట్టను పెట్టుకున్నాం, బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించింది కూడా అదే ఏడు. చూస్తే మన రాష్ట్ర గుర్తులు సగం ఈ పది రోజుల్లోనే ఉన్నాయి. క్విజ్ పిచ్చి ఉన్న పిల్లలకు ఇది బాగా పనికొస్తుంది.

ఒక్క విషయం, జమ్మి కొమ్మలు విరిచేయనివ్వొద్దు. మొక్కిన చెట్టునే ఆ రాత్రి మోడు చేసి వస్తున్నాం చాలా ఊళ్లల్లో.

*

నక్కలగుట్ట అమ్మ:

ఇంతమంది రాస్తారనుకోలేదు. మా ఆయనకు మొత్తం చదివి వినిపించా, కాజీపేట అన్న ప్రశ్న దగ్గర కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఈసారి నేనే తోలుకపోత వాణ్ణి" అన్నాడు. పది రూపాయల నోట్ల సంగతి మా పెద్దబావగారికి చెప్పే బాధ్యత కూడా ఆయనకే అప్పగించాను, అది నా వల్ల కాదు.

కౌత్సుడి కథ నిన్న రాత్రే చెప్పేశా. మొత్తం తీసుకున్నాడనే అన్నాడు మీరు చెప్పినట్టే. కాదని చెప్తే, "మరి మిగిలింది ఎవలు తీసుకున్నరు?" అని పట్టుకున్నాడు, జనానికి పంచారన్నాను, "ఒక్కొక్కరికి ఎంత?" అన్నాడు. అక్కడ నాకు నిద్రొచ్చిందని చెప్పి లైటు తీసేశా.

నర్సంపేట తమ్ముడు చెప్పిన సెలవు సంగతి కూడా రాసుకున్నాను, సద్దులనాడు గిన్నెలు వాడివి, తుడిచేది పాపది. పెత్రమాసకు వాళ్ల నాయినమ్మను పేర్లు అడగడానికి ఫోన్ చేయమన్నా, వీడు రికార్డింగ్ పెట్టి మరీ అడుగుతున్నాడు, ముత్తాత ఎడ్లపందాల్లో ఓడిపోయిన కథ ఇప్పటికే మూడుసార్లు విన్నాం.

ఒక్కటి మిగిలింది. గునుగు కొనొద్దన్నారు కదా మేడం, హన్మకొండలో ఇప్పుడు ఎక్కడ దొరుకుతుంది? మా చుట్టుపక్కల అన్నీ ప్లాట్లే.

*

పూల సిబ్బి:

సిటీలో వెతకకండి, చౌరస్తాలో అమ్మేవాళ్ల దగ్గర తప్ప దొరకదు. పండుగకు ఒకరోజు ముందే ఊరికి పోండి. పత్తి, మక్క చేన్ల గట్ల మీద, పడావు పడ్డ చెలకల్లో తెల్లగా కనిపిస్తుంది. చేను ఎవరిదో వాళ్లను అడిగి తెంపమనండి, మందు కొట్టిన పత్తి చేనులోకి పోనివ్వకండి. ఫుల్ ప్యాంటు, బూట్లు వేయండి, చేతిలో కట్టె ఇవ్వండి, ఈ కాలంలో గడ్డిలో పాములుంటాయి. వేర్లతో సహా పీకొద్దు, కాడ వరకే కొయ్యాలి. వాళ్ల బాపును కూడా వెంట పంపండి, ఆయనకు ఎక్కడ ఉంటుందో గుర్తుండే ఉంటుంది.